యువియైటిస్‌కి స్టెరాయిడ్ చుక్కల బదులు మామూలు వాపు చుక్కలు ఎందుకు చాలవు?

వానచినుకు

అందరికీ నమస్కారం. నాకు ఒక కంట్లో యాంటీరియర్ యువియైటిస్, అంటే కంటి లోపల ముందుభాగంలో వాపు. రక్తపరీక్షలో ఈ జబ్బుతో సంబంధమున్న జన్యు గుర్తు హెచ్‌ఎల్‌ఏ-బీ27 పాజిటివ్ వచ్చింది. మొదట్లో ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ చుక్కలు గంటకోసారి వేయమన్నారు, తోడుగా కనుపాపను పెద్దది చేసే చుక్కలు ఇచ్చారు. ఎరుపు, నొప్పి, వెలుతురు చూడలేకపోవడం బాగా తగ్గాయి. అంతలోనే కంటి ప్రెషర్ పెరగడం మొదలైంది. ఇప్పుడు అదో టెన్షన్.

మా బంధువు ఒకాయనకు శుక్లం ఆపరేషన్ తర్వాత నెపాఫెనాక్ చుక్కలు ఇచ్చారు. అది స్టెరాయిడ్ కాదు, కానీ అదీ వాపు తగ్గించే మందే. నాకూ అదే రాయొచ్చు కదా అని డాక్టరు గారిని అడిగితే "మీ జబ్బుకి అది చాలదు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. బయట అంతమంది పేషెంట్లు కూర్చుని ఉంటే ఆయన మాత్రం ఎంతసేపు చెప్తారు! కానీ ఎందుకు చాలదో తెలిస్తే తప్ప నా మనసు ఊరుకోదు. తెలిసినవాళ్ళు కాస్త విడమరిచి చెప్పండి.

మందులపెట్టె

ఫార్మకాలజీ బోధించడం నా పని కాబట్టి మందు వైపు నుంచి మొదలుపెడతాను. కన్ను వైపు సంగతి డాక్టర్లు చెప్తారు.

కణానికి దెబ్బ తగిలితే దాని పైపొరలోని కొవ్వుల నుంచి ఫాస్ఫోలైపేజ్ ఏ2 అనే ఎంజైమ్ అరాకిడోనిక్ ఆమ్లాన్ని విడదీస్తుంది. కాక్స్-1, కాక్స్-2 ఎంజైములు దాన్ని ప్రోస్టాగ్లాండిన్లుగా మారుస్తాయి. రక్తనాళాలు వెడల్పవడం, వాటి గోడల్లోంచి ద్రవం కారడం, నొప్పి, ఆపరేషన్ చేస్తుండగా కనుపాప ముడుచుకుపోవడం, వీటన్నిటి వెనకా ప్రోస్టాగ్లాండిన్ల చెయ్యి ఉంది. ఆస్పిరిన్ లాంటి మందులు పనిచేసేది వీటి తయారీని ఆపడం వల్లేనని జాన్ వేన్ 1971లో చూపించారు. 1982 నోబెల్ బహుమతిలో ఆయనకు వాటా రావడానికి అదే కారణం. కెటోరొలాక్, డైక్లోఫెనాక్, బ్రోమ్‌ఫెనాక్, మీరు చెప్పిన నెపాఫెనాక్ అన్నీ ఆ కోవలోవే. నెపాఫెనాక్ నేరుగా పనిచేయదు, కంటి కణజాలంలోకి వెళ్ళాక ఆమ్‌ఫెనాక్‌గా మారి అప్పుడు కాక్స్‌ను పట్టుకుంటుంది.

అంటే ఈ మందులు ఆపేది ఒక్క ప్రోస్టాగ్లాండిన్ల దారినే. అదే అరాకిడోనిక్ ఆమ్లం నుంచి ఇంకో ఎంజైమ్ ద్వారా ల్యూకోట్రయీన్లు తయారవుతాయి, తెల్లకణాలను రప్పించే పదార్థాలవి. ఆ దారి తెరిచే ఉంటుంది. ఇక టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్ల (ఐఎల్) లాంటి సైటోకైన్లు, అంటే రోగనిరోధక కణాలు ఒకదానికొకటి పంపుకునే సంకేత ప్రోటీన్లు, ఈ లెక్కలోకే రావు.

మీ బంధువుగారి కంట్లో జరిగింది ఆపరేషన్ గాయం. గాయం మానుతుంటే దాని వాపు దానంతటదే సద్దుమణుగుతుంది, మందు అప్పటిదాకా కాపు కాస్తే చాలు. మీ కంట్లో వాపును నడిపిస్తున్నది గాయం కాదు, రోగనిరోధక వ్యవస్థ.

లెన్స్‌బాబాయ్

పెట్టెగారు చెప్పినదానికి చిన్న తోక. నేను ఆప్టోమెట్రిస్టుని. స్టెరాయిడ్ కాదు కాబట్టి ఎన్నాళ్ళయినా వేసుకోవచ్చు అని కెటోరొలాక్, డైక్లోఫెనాక్ చుక్కలు సొంతంగా కొనుక్కుని వాడేవాళ్ళను చాలామందిని చూస్తుంటాను. కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) అప్పటికే దెబ్బతిని ఉన్నవాళ్ళలో, మధుమేహం, బాగా పొడికళ్ళు ఉన్నవాళ్ళలో వీటివల్ల కార్నియా కరిగిపోయిన కేసులు ఉన్నాయి. అరుదే, కానీ జరిగితే చిన్న విషయం కాదు.

స్లిట్‌ల్యాంప్

కంటి డాక్టర్ని, యువియైటిస్ కేసులే ఎక్కువగా చూస్తాను. వానచినుకు గారూ, మీ కేసు నేను చూడలేదు కాబట్టి మీ మందుల జోలికి పోను. జబ్బు సంగతి చెప్తాను.

కన్ను మామూలుగా రోగనిరోధక వ్యవస్థకు దూరంగా బతికే అవయవం. రక్తానికీ, కంటి వెనక వెలుతురును పట్టే పొర రెటీనాకూ మధ్య గట్టి అడ్డుగోడ ఉంటుంది. లోపలి ద్రవంలో టీజీఎఫ్-బీటా లాంటి పదార్థాలు ఉండి టీ-కణాలనే ఒకరకం తెల్లకణాలను శాంతపరుస్తుంటాయి. కంటి లోపల పెట్టిన పరాయి కణజాలాన్ని శరీరం అంత త్వరగా తిప్పికొట్టదని పీటర్ మెడవార్ 1948లోనే రాశారు. ఈ ఏర్పాటుకు ఒక అర్థముంది. రెటీనా కణాలు పోతే మళ్ళీ పుట్టవు, అక్కడ పెద్ద యుద్ధం జరిగితే గెలిచినా నష్టమే.

కంటి వెనక భాగపు జబ్బుల్లో ఈ ఏర్పాటు చెడిపోవడం ఎలుకల్లో బాగా చదివారు. రెటీనాలోని ఐఆర్‌బీపీ అనే ప్రోటీన్‌ను ఎలుకకు చర్మం కింద ఎక్కిస్తే దానిమీద టీ-కణాలు తయారై, కొన్నాళ్ళకు వెళ్ళి కంటిని కొడతాయి. ఐఎల్-12 ప్రభావంలో పెరిగిన టీ-కణాలు టీహెచ్1 రకంగా, ఐఎల్-23 వల్ల బలపడినవి టీహెచ్17 రకంగా మారతాయి. మొదటివి ఇంటర్‌ఫెరాన్-గామాను, రెండోవి ఐఎల్-17ను వదులుతాయి. ఇవి మాక్రోఫేజ్‌లను (క్రిములను మింగే తెల్లకణాలు) రెచ్చగొడితే అవి టీఎన్ఎఫ్-ఆల్ఫా, ఐఎల్-6 వదులుతాయి. టీఎన్ఎఫ్ రక్తనాళాల లోపలి గోడమీద అతుక్కునే అణువులను పెంచుతుంది, అడ్డుగోడను వదులు చేస్తుంది. దాంతో రక్తంలోని కణాలు, ప్రోటీన్లు కంట్లోకి దిగుతాయి. బీ27 తో వచ్చే ముందుభాగపు యువియైటిస్ మొదలయ్యే తీరు వేరు, పుట్టుకతో వచ్చే రక్షణ వ్యవస్థ పాత్ర అందులో ఎక్కువ. అయినా చివరికొచ్చేసరికి ఇదే టీఎన్ఎఫ్, ఇదే గోడ వదులవడం.

స్లిట్ ల్యాంప్‌లో మేం చూసేది దీన్నే. సన్నటి కాంతిని కంట్లోకి పంపితే, కిటికీ సందులోంచి పడే ఎండలో దుమ్ము కనిపించినట్టు తెల్లకణాలు కదులుతూ కనిపిస్తాయి. 1 మిల్లీమీటరు చదరపు కాంతిలో ఎన్ని ఉన్నాయో లెక్కపెడతాం. ఒక్కటీ కనిపించకపోతే సున్నా గ్రేడు. 6 నుంచి 15 ఉంటే 1 ప్లస్, 16 నుంచి 25 ఉంటే 2 ప్లస్, 50 దాటితే 4 ప్లస్. 2005లో అంతర్జాతీయంగా కుదిరిన లెక్క ఇది. "ఎరుపు పోయింది కదా" అని పేషెంట్ అన్నా మేం చుక్కలు ఆపనివ్వకపోవడానికి కారణం ఈ లెక్కే.

ఇప్పుడు అసలు ప్రశ్న. స్టెరాయిడ్ కణం లోపలికే వెళ్ళి గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్‌ను పట్టుకుంటుంది, ఇద్దరూ కలిసి కేంద్రకంలోకి వెళ్తారు. అక్కడ ఎన్ఎఫ్-కప్పాబీ, ఏపీ-1 అనే రెండు ప్రోటీన్లను పనిచేయనివ్వవు. టీఎన్ఎఫ్, ఐఎల్-1, ఐఎల్-6, కాక్స్-2 జన్యువులను నడిపించేవి ముఖ్యంగా అవే. కాబట్టి ప్రోస్టాగ్లాండిన్లు తగ్గడం స్టెరాయిడ్ చేసే పనుల్లో ఒకటి మాత్రమే. నెపాఫెనాక్‌కు అదొక్కటే పని.

రెండోమాట

అంత గొప్ప మందైతే అదే వాడుతూ పోవచ్చుగా? మరి ఎందుకు మాన్పించాలని చూస్తారు? ఒకరేమో స్టెరాయిడ్ విషం అంటారు, ఇంకొకరేమో అదే దిక్కు అంటారు. మధ్యలో పేషెంట్ ఏం చెయ్యాలి?

స్లిట్‌ల్యాంప్

విషమూ కాదు, దిక్కూ కాదు. ఆ రిసెప్టర్ ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉంది, చిక్కల్లా అక్కడే. టీ-కణంలో మనకు కావలసిన పని చేస్తుంది, వేరే కణంలో మనం అడగని పని చేస్తుంది.

లెన్స్‌బాబాయ్

ప్రెషర్ కథ అదే. కంట్లో నీరు బయటికి పోయే జల్లెడ భాగాన్ని ట్రాబెక్యులర్ మెష్‌వర్క్ అంటారు. స్టెరాయిడ్ వల్ల అక్కడి కణాల అస్థిపంజరం మారుతుంది, చుట్టూ ప్రోటీన్ పదార్థం పేరుకుంటుంది, నీరు సరిగ్గా పోదు. జనంలో దాదాపు మూడోవంతు మందికి స్టెరాయిడ్ చుక్కలతో ప్రెషర్ ఎంతోకొంత పెరుగుతుంది, సుమారు 5 శాతం మందికి బాగా పెరుగుతుంది. సాధారణంగా కొన్ని వారాలు వాడాక కనబడుతుంది, ఆపితే చాలామందిలో దిగుతుంది. నొప్పి ఉండదు, కొలిస్తేనే తెలుస్తుంది. అందుకే "చుక్కలు బాగానే ఉన్నాయి, చెకప్ ఎందుకు" అనుకోకండి. ఎక్కువకాలం వాడితే కటకం వెనకభాగంలో శుక్లం కూడా వస్తుంది.

ఇమ్యునోపిచ్చి

ఇమ్యునాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నా. చర్చ స్టెరాయిడ్ దగ్గరే ఆగిపోతుందేమోనని దూరాను. ఒక్క సిగ్నల్‌నే గురిపెట్టే మందులు వచ్చాకే ఈ జబ్బు గురించి మనకు ఎక్కువ తెలిసిందని నా అభిప్రాయం.

సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ చూడండి. టీ-కణం తన శత్రువును గుర్తించగానే లోపల కాల్షియం పెరుగుతుంది, కాల్సిన్యూరిన్ అనే ఎంజైమ్ మేల్కొంటుంది. అది ఎన్‌ఫాట్ అనే ప్రోటీన్ మీదున్న ఫాస్ఫేట్‌ను తీసేస్తే, ఆ ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్ళి ఐఎల్-2 తయారీ మొదలుపెడుతుంది. ఐఎల్-2 లేకపోతే టీ-కణాలు పెద్ద ఎత్తున పెరగలేవు. ఈ రెండు మందులూ కాల్సిన్యూరిన్ దగ్గరే అడ్డుపడతాయి. అప్పటికే రెచ్చిపోయి ఉన్న కణాల మీద వీటి ప్రభావం తక్కువ కాబట్టి ఫలితం నిదానంగా వస్తుంది.

కాటుకపిట్ట

ఓహో, అందుకేనా! పొడికళ్ళకి నాకు సైక్లోస్పోరిన్ చుక్కలు ఇచ్చి "నెలలు పడుతుంది, మధ్యలో మానొద్దు" అన్నారు. మొదట్లో మంట తప్ప ఏమీ కనబడక మానేద్దామనుకున్నా. మరి వానచినుకు గారికి ఈ చుక్కలే ఇవ్వొచ్చు కదా? ప్రెషర్ పెరగదట కూడా.

స్లిట్‌ల్యాంప్

మంచి ప్రశ్న. సైక్లోస్పోరిన్ పెద్ద అణువు, నీటిలో కరగదు. చుక్కగా వేస్తే కంటి పైపొరలో, కన్నీటి గ్రంథుల దగ్గర పనిచేస్తుంది గానీ లోపలికి చాలినంత దిగదు. పొడికళ్ళకు సరిపోతుంది, అలర్జీ కళ్ళకూ పనికొస్తుంది. కన్ను లోపలి యువియైటిస్‌కు వాడాలంటే మాత్రలే, అప్పుడు కిడ్నీలనూ బీపీనీ కనిపెట్టుకుని ఉండాలి. మందు ఏ సిగ్నల్‌ను ఆపుతుందో ఎంత ముఖ్యమో, ఆ సిగ్నల్ ఉన్న చోటికి చేరుతుందా అన్నదీ అంతే ముఖ్యం.

చిన్నితల్లి

మా పాపకి కీళ్ళవాతంతో పాటు యువియైటిస్. కన్ను ఎర్రబడలేదు, నొప్పి అనలేదు. కీళ్ళ డాక్టరు గారు కంటి పరీక్షకు పంపకపోయి ఉంటే మాకు తెలిసేదే కాదు. మెథోట్రెక్సేట్ వారానికోసారి ఇస్తున్నాం. ఇప్పుడు ఆడలిముమాబ్ ఇంజెక్షన్ కలుపుతామంటున్నారు. పాపతో పాటు వైద్యానికి వచ్చే ఇంకో బాబుకు కీళ్ళకు ఎటనర్‌సెప్ట్ ఇస్తున్నారు, బాగానే ఉన్నాడు. రెండూ టీఎన్ఎఫ్ మందులే అని చదివాను. మాకు అదెందుకు వద్దన్నారు? అసలు చిన్నపిల్లకు ఇంత బలమైన మందులు అవసరమా అని రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదు.

మందులపెట్టె

చిన్నితల్లి గారూ, ముందు ఒక జాగ్రత్త. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. ఇంట్లో మందులిచ్చే ప్రతి ఒక్కరికీ అది తెలిసి ఉండాలి, పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఈ తక్కువ మోతాదులో అది పనిచేసే తీరు క్యాన్సర్‌లో పనిచేసే తీరు లాంటిది కాదు. కణాల బయట అడినొసిన్ పేరుకునేలా చేస్తుంది, ఆ అడినొసిన్ తెల్లకణాల మీది రిసెప్టర్లను పట్టుకుని వాటి జోరు తగ్గిస్తుంది. దీనికీ వారాలు, నెలలు పడుతుంది.

స్లిట్‌ల్యాంప్

పిల్లల కీళ్ళవాతంతో వచ్చే యువియైటిస్ తెల్లటి కన్నులోనే లోపల లోపల నష్టం చేస్తుంది. మీ పాపకు ముందే పట్టుకున్నారు, అది చాలా పెద్ద విషయం.

ఆడలిముమాబ్ గురించి గట్టి రుజువే ఉంది. 2017లో వచ్చిన సైకమోర్ ట్రయల్‌లో అప్పటికే మెథోట్రెక్సేట్ మీద ఉన్న పిల్లల్లో కొందరికి ఆడలిముమాబ్, కొందరికి ఉత్తుత్తి ఇంజెక్షన్ కలిపారు. మందు విఫలమైంది ఆడలిముమాబ్ గుంపులో 27 శాతం మందిలో, రెండో గుంపులో 60 శాతం మందిలో. తేడా అంత స్పష్టంగా ఉండటంతో ట్రయల్‌ను ముందే ఆపేశారు. ఇన్ఫెక్షన్ల లాంటి దుష్ప్రభావాలు ఆడలిముమాబ్ గుంపులో ఎక్కువే, అది దాచాల్సిన విషయం కాదు. పెద్దవాళ్ళలో కంటి మధ్యభాగం, వెనకభాగం యువియైటిస్‌కు అమెరికాలో దీనికి 2016లో అనుమతి వచ్చింది.

ఎటనర్‌సెప్ట్ కీళ్ళకు మంచిదే. కంటికి మాత్రం అంతగా పనిచేయలేదు, పైగా అది వాడుతుండగా కొత్తగా యువియైటిస్ వచ్చినవాళ్ళూ ఉన్నారు.

ఇమ్యునోపిచ్చి

రెండూ టీఎన్ఎఫ్‌నే పట్టుకుంటాయి, కానీ పట్టు వేరు. ఆడలిముమాబ్ యాంటీబాడీ. తేలుతున్న టీఎన్ఎఫ్‌తో పాటు కణాల పైపొరకు అంటుకుని ఉన్న టీఎన్ఎఫ్‌నూ గట్టిగా పట్టుకుంటుంది. ఎటనర్‌సెప్ట్ రిసెప్టర్ ముక్కతో చేసిన మందు. తేలుతున్నదాన్ని బాగా పడుతుంది, కణం మీది దాన్ని పట్టినా త్వరగా వదిలేస్తుంది. కంట్లో తేడా దీనివల్లేనని చాలామంది అంటారు, కానీ ఇదొక్కటే కారణమని అందరూ ఒప్పుకోలేదు.

దీనికంటే చిత్రమైనది ఐఎల్-17 కథ. యువియైటిస్ రోగుల్లో ఐఎల్-17 ఎక్కువ, ఎలుకల్లోనూ టీహెచ్17 కణాలే దోషులు. సరే, ఐఎల్-17ఏ ను పట్టేసే సెకుకినుమాబ్‌ను ఇద్దాం అన్నారు. సోరియాసిస్‌లో అది అద్భుతంగా పనిచేసే మందు. యువియైటిస్‌లో చర్మం కింద ఇంజెక్షన్‌గా మూడు పెద్ద ట్రయల్స్ చేశారు. మూడూ అసలు లక్ష్యం దగ్గర బోల్తాపడ్డాయి! నరానికి ఎక్కువ మోతాదులో ఇచ్చిన ఇంకో చిన్న ట్రయల్‌లో ఫలితం మెరుగ్గా ఉంది, కాబట్టి కొంత మోతాదు గొడవ కూడా ఉంది. కానీ ఆ తర్వాత ఎలుకల్లో తేలింది ఏమిటంటే, టీహెచ్17 కణం తాను వదిలిన ఐఎల్-17ఏ ను తానే అందుకుని ఐఎల్-24 తయారుచేస్తుంది, ఆ ఐఎల్-24 అదే కణం మిగతా సైటోకైన్లను వదలకుండా తగ్గిస్తుంది. ఐఎల్-17ఏ ను తీసేస్తే ఆ నిగ్రహం కూడా పోతుంది. ఇంటర్‌ఫెరాన్-గామాదీ ఇలాంటి తంతే. వాపులో కనిపిస్తుంది కదా అని ఎలుకల్లో దాన్ని అడ్డుకుంటే జబ్బు ముదిరింది.

కంట్లో ఎక్కువగా ఉన్న సైటోకైన్‌ను అడ్డుకుంటే జబ్బు తగ్గాలి అన్న తర్కం కాగితం మీద బాగుంటుంది. ఏది నిప్పు పెడుతోందో, ఏది ఆర్పడానికి వచ్చి నిలబడిందో కొలత చూసి చెప్పలేం. జేఏకే మందుల (కణం లోపల సైటోకైన్ సంకేతాన్ని ముందుకు పంపే జేఏకే ఎంజైములను ఆపేవి) విషయంలో అందుకే నాకు ఆశా ఉంది, అనుమానమూ ఉంది. అవి ఐఎల్-6, ఇంటర్‌ఫెరాన్లు సహా చాలా సైటోకైన్ల సంకేతాలను ఒకేసారి తగ్గిస్తాయి.

రెండోమాట

ఇదంతా విన్నాక నాకనిపించేది, కన్ను ఒక్కటే జబ్బు పడితే ఒళ్ళంతా మందు ఎందుకు? కంట్లోనే పెట్టేసే ఇంప్లాంట్లు ఉన్నాయట కదా. పని అయిపోతుంది.

స్లిట్‌ల్యాంప్

అచ్చం ఆ ప్రశ్నతోనే అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో మస్ట్ అనే ట్రయల్ జరిగింది. ఒక గుంపుకు కంట్లో ఫ్లూసినొలోన్ స్టెరాయిడ్ ఇంప్లాంట్, ఇంకో గుంపుకు స్టెరాయిడ్ మాత్రలు, అవసరాన్ని బట్టి ఇమ్యూనిటీ తగ్గించే మందులు. మొదటి రెండేళ్ళలో చూపులో పెద్ద తేడా లేదు. ఇంప్లాంట్ గుంపులో వాపు బాగా అదుపులో ఉంది, కానీ శుక్లం, గ్లకోమా ఎక్కువ. ఏడేళ్ళు గడిచేసరికి చూపు మాత్రల గుంపులోనే మెరుగ్గా ఉంది, చార్టులో సుమారు 7 అక్షరాల తేడా. ఇంప్లాంట్లకు తగిన పేషెంట్లు ఉన్నారు, నేనూ వాడతాను. కానీ మందు అయిపోయాక రక్తంలో తిరిగే టీ-కణాలు ఎప్పటిలాగే ఉంటాయి.

ఇమ్యూనిటీ తగ్గించే మాత్రల్లో ఏది అని అడుగుతారు కాబట్టి అదీ చెప్తాను. మెథోట్రెక్సేట్, మైకోఫెనొలేట్ పోటీ పెట్టిన ఫాస్ట్ ట్రయల్ 2019లో వచ్చింది. 216 మంది పేషెంట్లు, ఇండియా సహా ఐదు దేశాలు. మైకోఫెనొలేట్ మేలని చాలామంది డాక్టర్లు అనుకుంటున్న రోజులవి, అలా తేలలేదు. ధరలో మాత్రం మెథోట్రెక్సేట్ చాలా చవక.

చిన్నితల్లి

ఇంజెక్షన్‌కు ముందు టీబీ పరీక్ష రాశారు. పాపకి దగ్గు కూడా లేదు. అది ఎందుకు?

ఇమ్యునోపిచ్చి

టీబీ క్రిమి లోపల నిద్రపోతూ ఉండొచ్చు. దాని చుట్టూ మాక్రోఫేజ్‌లు, టీ-కణాలు గ్రాన్యులోమా అనే గూడు కట్టి బంధిస్తాయి. ఆ గూడు నిలబడాలంటే టీఎన్ఎఫ్ కావాలి. మందుతో టీఎన్ఎఫ్‌ను తీసేస్తే గూడు చెదిరి క్రిమి బయటపడుతుంది. కంటికి హాని చేస్తున్న సిగ్నలే అక్కడ కాపలా కాస్తోంది.

స్లిట్‌ల్యాంప్

కంటి విషయంలోనూ అదే. టాక్సోప్లాస్మా, హెర్పిస్, టీబీ, సిఫిలిస్ అన్నీ యువియైటిస్‌లాగే కనిపించగలవు. వాటికి క్రిమి మందు లేకుండా ఒట్టి స్టెరాయిడ్ వేస్తే ముందు హాయిగా ఉంటుంది, తర్వాత క్రిమి విజృంభిస్తుంది. పాత సీసా మిగిలి ఉంది కదా అని రెండోసారి కన్ను ఎర్రబడగానే సొంతంగా స్టెరాయిడ్ వేసుకునేవాళ్ళు ఈ పేరా మళ్ళీ చదవండి.

వానచినుకు

ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. ఇంకో రెండు ప్రశ్నలు, విసుక్కోకండి. ప్రెషర్ పెరిగింది కాబట్టి స్టెరాయిడ్ ఇవాళే ఆపేస్తే ఏమవుతుంది? ప్రెషర్‌కి టిమొలాల్ పొద్దున, సాయంత్రం వేస్తున్నాను. లాటానోప్రోస్ట్ అయితే రాత్రి ఒక్క చుక్క చాలట కదా, దానికి మార్చమని అడగొచ్చా?

స్లిట్‌ల్యాంప్

ఒక్కసారిగా ఆపొద్దు. స్టెరాయిడ్ టీ-కణాలను చాలావరకు నోరు నొక్కి కూర్చోబెడుతుంది, అన్నిటినీ ఖాళీ చేయదు. మందు పోగానే ఎన్ఎఫ్-కప్పాబీకి అడ్డు తొలగి మళ్ళీ టీఎన్ఎఫ్, ఐఎల్-6 మొదలవుతాయి, వాపు ముందుకంటే ఎక్కువగా రావచ్చు. ఐరిస్ (కనుపాప చుట్టూ ఉండే రంగు పొర) కటకానికి అతుక్కుపోతే ప్రెషర్ ఇంకా పెరుగుతుంది. అందుకే కణాల లెక్క చూసుకుంటూ చుక్కల సంఖ్య మెల్లగా తగ్గిస్తాం, లేదా ప్రెషర్ తక్కువ పెంచే స్టెరాయిడ్‌కు మారుస్తాం. అది మీ డాక్టరు గారు చూసి నిర్ణయించాల్సింది. మీరు ఫోన్ చేసి ప్రెషర్ ఎంత ఉందో, ఎప్పుడు మళ్ళీ చూస్తారో అడగండి.

మందులపెట్టె

లాటానోప్రోస్ట్ సంగతి నేను చెప్తాను, నా మొదటి పోస్టుకు సంబంధం ఉంది. అది ప్రోస్టాగ్లాండిన్ ఎఫ్2-ఆల్ఫా పోలికతో తయారుచేసిన మందు. మీరు ఏ కుటుంబాన్నైతే నెపాఫెనాక్‌తో తగ్గిద్దామనుకున్నారో, ఆ కుటుంబపు మనిషినే రోజూ రాత్రి కంట్లోకి పిలుస్తున్నట్టు!

స్లిట్‌ల్యాంప్

నవ్వొచ్చింది కానీ నిజమే. యువియైటిస్‌లో లాటానోప్రోస్ట్ గురించి ఉన్న భయం రుజువుల కంటే కాస్త పెద్దది, వాపు పూర్తిగా అదుపులో ఉన్నవాళ్ళకు మేం ఇస్తుంటాం. కంట్లో ఇంకా కణాలు తిరుగుతున్నప్పుడు, రెటీనా మధ్యభాగమైన మాక్యులాలో నీరు చేరే అవకాశం ఉన్నప్పుడు మాత్రం మొదట టిమొలాల్ లాంటివే ఎంచుకుంటాం. ఉబ్బసం, గుండె వేగం తక్కువ ఉండటం లాంటివి ఉంటే టిమొలాల్ పడదు, అవి ఉన్నాయేమో మీ డాక్టరు గారికి తప్పకుండా చెప్పండి.

వానచినుకు

చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది, ఈ మధ్య లేదు కాబట్టి చెప్పలేదు. రేపు పొద్దున్నే ఫోన్ చేస్తాను.

స్లిట్‌ల్యాంప్

రేపటిదాకా ఆగొద్దు. సాయంత్రం టిమొలాల్ చుక్క వేసే ముందే అడగండి.